ఝరియాలో నేల కుంగుతోంది: జనాన్ని తరలించాలా, కింద గుల్లను పూడ్చాలా?

పాతబాయి_ఇల్లందు:
జార్ఖండ్‌లోని ఝరియాలో కింద బొగ్గు మండుతోంది, పైన నేల కుంగుతోంది. ఆ ప్రాంతానికి కేంద్రం 2025 జూన్‌లో సవరించిన మాస్టర్ ప్లాన్‌ను ఆమోదించింది. ఖర్చు రూ.5,940 కోట్లు. 2009లో రూ.7,112 కోట్లతో వేసిన మొదటి ప్లాన్ గడువు 2021లోనే అయిపోయింది. అప్పుడూ ఇప్పుడూ ఎక్కువగా వినబడేది ఒకటే, జనాన్ని లేపండి అని. మన సింగరేణిలో కొన్ని చోట్ల బొగ్గు తీసిన ఖాళీల్లోకి ఇసుకను నీళ్లతో కలిపి పంపి నింపుతారు. అక్కడ కనీసం మంట లేని చోట్లయినా ఆ పని చేయొచ్చు కదా?

షిఫ్ట్‌బాస్:
అన్నా, మనం బొగ్గు తీసిన వెంటనే, దారి తెరిచి ఉండగా నింపుతాం. అక్కడివి ఎప్పుడో మూతబడ్డ బాయిలు, అంటే భూగర్భ గనులు. 1971-73లో ప్రభుత్వం తీసుకోకముందు ప్రైవేటోళ్లు ఇష్టమొచ్చినట్టు తవ్విపోయారు. చాలా వాటికి నమ్మదగ్గ మ్యాపే లేదు. పైగా 1916 నుంచి మంటలు. పగుళ్లలోంచి గాలి లోపలికి పోతుంది, కప్పుకు ఆసరాగా తవ్వకుండా వదిలిన బొగ్గు పిల్లర్లే కాలిపోతాయి. ఇక కప్పును మోసేదేది? 2017 మేలో ఇంద్రా చౌక్ దగ్గర రోడ్డు పక్కన నేల కుంగి తండ్రీకొడుకులు అందులో పడి చనిపోయారు. నింపుదాం అంటూ కూర్చునే టైం ఉందా?

మైనింగ్_థర్డ్‌ఇయర్:
మంట ఉన్న చోటూ లేని చోటూ కలిపేస్తున్నారు సార్. లోతు కూడా చూడాలి. కప్పు రాయి కూలితే ముక్కలై ముందుకంటే ఎక్కువ చోటు పడుతుంది. బాయి లోతుగా ఉంటే ఆ ముక్కలే ఖాళీని నింపేసి, కూలడం మధ్యలోనే ఆగిపోవచ్చు. పైపైన తవ్విన చోట ఆగడానికి అంత మందం ఉండదు, గుంత నేల దాకా వచ్చేస్తుంది. వాన నీళ్లు ఇంకి పైనేల మెత్తబడితే ఇంకా డేంజర్. అలాగని నీళ్లన్నీ తోడేయడమూ మంచిది కాదు. నీళ్లు నిండిన పాత బాయిలో ఆ నీళ్లూ కప్పుకు కొంత ఆసరా, తోడేస్తే అదీ పోతుంది. మ్యాపు లేకపోయినా బోర్లు వేసి ఖాళీ ఎక్కడుందో వెతకొచ్చు, ఆ బోర్లలోంచే ఇసుకో ఫ్లై యాషో (కరెంటు ప్లాంట్ల బూడిద) పంపొచ్చు. ఖర్చు పెరుగుతుంది, అంతే.

కోల్‌బెల్ట్_కోడలు:
బోర్ల సంగతి సరే బాబూ. ఝరియా కింద ఉన్నది ఉక్కుకు కావలసిన కోకింగ్ కోల్. దేశంలో మేలురకం దాదాపు అక్కడే ఉంది. ఇళ్లు ఖాళీ అయ్యాక అక్కడ పైనుంచి నేలంతా తవ్వే ఓపెన్‌కాస్ట్ గని రాదని ఎవరైనా రాసిస్తారా? మండే బొగ్గును తవ్వి తీస్తేనే మంట ఆరుతుందంటారు. అది నిజమే కావచ్చు, అనుమానం మాత్రం పోదు. ఇక ఝరియా వాళ్ల కోసం కట్టిన బెల్‌గడియా పునరావాస కాలనీకి పోయినవాళ్ల అసలు గోడు పని దొరక్కపోవడం. కొత్త ప్లాన్‌లో పట్టా లేని కుటుంబాలకూ లక్ష రూపాయల సాయం, మూడు లక్షల దాకా అప్పు అన్నారు. మంచిదే. లక్ష ఎన్నాళ్లొస్తుంది?

షిఫ్ట్‌బాస్:
లక్ష చాలదక్కా. కానీ పని దొరికేదాకా పొగొచ్చే ఇంట్లోనే ఉండమంటామా?

కోల్‌బెల్ట్_కోడలు:
ఉండమనట్లేదు తమ్ముడూ. కాలనీకి బస్సు, బడి, పని ముందు తెచ్చి, తర్వాత ఇళ్లు ఖాళీ చేయించమంటున్నా. ప్రతిసారీ ముందు ఇల్లే ఎందుకు పోవాలి?

పాతబాయి_ఇల్లందు:
మంట మీద ఉన్నవాళ్లను రేపే తీసుకుపోనీ, నాకు అభ్యంతరం లేదు. మిగతా బస్తీల్లో కింద బాయి ఎంత లోతులో ఉందో, అందులో నీళ్లున్నాయో లేదో, నింపితే ఎంతవుతుందో కాగితం మీద రాసి వాళ్ల చేతికివ్వాలి. అది చూడకుండా సంతకం పెట్టమంటే నేనైతే పెట్టను.