'ఉదయ సాయంత్రాలు' అంటే ఎన్ని గంటలకు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం, గాజువాక నుంచి రాస్తున్నా. పక్క ఫ్లాట్ వాళ్లు ఖురాన్ తెలుగు అనువాదం ఇచ్చారు. 33వ సూరా (అధ్యాయం) 42వ ఆయత్ (వాక్యం) దగ్గర ఆగిపోయాను. ఉదయం, సాయంత్రం దేవుణ్ణి స్తుతించండి అన్న భావం ఉంది. సాయంత్రం అంటే నాలుగింటికా, ఏడింటికా? అరబ్బీలో ఏ మాట ఉంది? ఇంకోటి, వాళ్లు సోమవారం, గురువారం ఉపవాసం ఉంటారు. వాళ్ల లెక్కలో రోజు సాయంత్రమే మొదలవుతుందంటారు కదా, మరి సోమవారం ఉపవాసం ఆదివారం రాత్రి నుంచా?

జవాబు:
నమస్తే అండీ. మాది విశాఖ పాతనగరం, ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్తాను. అక్కడున్న మాటలు 'బుక్రతన్ వ అసీలా'. బుక్ర అంటే పగటి మొదలు. అసీల్ అంటే పగటి చివర, మామూలుగా అసర్ నమాజు (మధ్యాహ్నం దాటాక చేసేది) అయ్యాక పొద్దు గుంకేదాకా ఉండే సమయం. దీనికి 'సాయంత్రం' అని రాస్తే తప్పని అనను గానీ చాలా వదులైన మాట. మనం సాయంత్రం ఏడింటికి రమ్మంటాం, విశాఖలో ఏ నెలలో చూసినా ఏడింటికి సూర్యుడు ఉండడు. ఖురాన్‌లోనే ఇంకోచోట, 20:130లోనూ 50:39లోనూ, సూర్యోదయానికి ముందు, అస్తమయానికి ముందు అని విప్పి చెప్పేసింది, గడియారంతో పనిలేదు.

నన్నడిగితే దీనికి అచ్చమైన తెలుగు జంట ఒకటి ఉంది, 'రేపూ మాపూ'. ఇప్పుడు ఎగ్గొట్టేవాడి మాటగా మిగిలిపోయింది గానీ పాత తెలుగులో రేపు అంటే పొద్దుటి వేళే, ఆ తర్వాతే మరుసటి రోజు అనే అర్థానికి జరిగింది. తమాషా ఏంటంటే అరబ్బీ 'బుక్ర'కీ అదే జరిగింది! గల్ఫ్ వెళ్లొచ్చిన మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లని అడగండి, వాళ్లకి తెలిసిన 'బుక్రా' అంటే రేపు, సేఠ్‌ని జీతం అడిగితే వచ్చే జవాబు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు భాషలు ఒకే దారిలో నడిచాయన్నమాట. అయితే అనువాదంలో రేపూ మాపూ అని రాస్తే ఇవాళ అందరూ తిరగేసి అర్థం చేసుకుంటారు, అందుకే 'పొద్దు పొడవక ముందు, పొద్దు గుంకక ముందు' అంటే సరిపోతుందని నా ఓటు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రోజూ చదివే జిక్ర్ దుఆల్లో, అంటే దేవుణ్ణి తలుచుకునే ప్రార్థనల్లో, అసీల్ కాకుండా వేరే క్రియలు వస్తాయి, పొద్దున 'అస్బహ్‌నా', సాయంత్రం 'అమ్‌సైనా'. ఈ రెండోదాని వెనక ఉన్న 'మసా' అనే మాట వెడల్పైనది, మధ్యాహ్నం తిరిగినప్పటి నుంచే మసా అన్నవాళ్లున్నారు, మగ్రిబ్ (పొద్దు గుంకగానే చేసే నమాజు) తర్వాతే అన్నవాళ్లూ ఉన్నారు. అందుకే పండితుల్లో తేడా. ఎక్కువమంది చెప్పేది పొద్దున ఫజర్ (తెల్లవారుజాము నమాజు) నుంచి సూర్యోదయం లోపు, సాయంత్రం అసర్ నుంచి మగ్రిబ్ లోపు మంచిదని, తప్పిపోతే తర్వాతైనా చదువుకోవచ్చని. మసాకి మాత్రం మన సాయంత్రం బాగా అతుకుతుంది, రెండూ సాగే మాటలే.

ఉపవాసం సంగతి తేలిక. తేదీ మగ్రిబ్‌తో మారుతుంది నిజమే, అందుకే ఉర్దూలో గురువారాన్ని 'జుమేరాత్' అంటారు, జుమాకి, అంటే శుక్రవారానికి, ముందు రాత్రి అని. కానీ రోజా, అంటే ఉపవాసం, ఉండేది పగలే, ఫజర్ వేళ నుంచి అస్తమయం దాకా, కాబట్టి సోమవారం రోజా మీ క్యాలెండర్‌లో కూడా సోమవారమే. ముందు తినే సహరీ మాత్రం ఆదివారం తెల్లవారితే సోమవారం అంటామే, ఆ చీకట్లో. నఫిల్ (తప్పనిసరి కాని) రోజాకైతే ఒక వెసులుబాటు, తెల్లారాక ఏమీ తినకుండా ఉంటే మధ్యాహ్నం లోపు కూడా నియ్యత్ (సంకల్పం) చేసుకోవచ్చు. ప్రవక్త ఇంట్లో తినడానికి ఏమైనా ఉందా అని అడిగి, లేదంటే అయితే నేను రోజాలో ఉన్నాను అన్నారని ఆయన భార్య ఆయిషా గారు చెప్పిన హదీసు (ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనం) దీనికి ఆధారం.

ఒక హెచ్చరిక, హైదరాబాద్ టైమ్‌టేబుల్ పెట్టుకుని ఇక్కడ సహరీ తినకండి. మనం తూర్పున దాదాపు అయిదు డిగ్రీలు ముందున్నాం, మనకి ఇరవై నిమిషాలు ముందే తెల్లారిపోతుంది.

ఇంకొకరి వ్యాఖ్య:
రోజాకి 'ఒక్కపొద్దు' అనే చక్కటి తెలుగు మాట ఉండగా ఈ ఉర్దూ ఎందుకండీ? పల్లెల్లో ముస్లింలు కూడా అంటారు.

జవాబు:
అంటారు, అననివ్వండి, వినసొంపుగానే ఉంటుంది. కానీ ఒక్కపొద్దు అంటే ఒకపూట భోజనం, మధ్యలో మంచినీళ్లకి అడ్డులేదు. రోజాలో పగలంతా నీటిచుక్క కూడా ఉండదు, చీకట్లో రెండుసార్లు తింటారు. లెక్క కుదరదు. పైగా రోజా మనకి పరాయిది కాదు సార్, ఫారసీ 'రోజ్' అంటే పగలు, దినం. మీరు రోజూ వాడే 'రోజు' అక్కడిదే, రోజా దాని చెల్లెలు. (పువ్వు రోజా వేరే కుటుంబం.)

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్. మా వైపు సూర్యుడు కొండ వెనక్కి పోయాక కూడా చాలాసేపు వెలుగుంటుంది. కొండ చాటుకి వెళ్తే పొద్దు గుంకినట్టా?

జవాబు:
కాదండీ. కొండ అడ్డొస్తే అది చాటు, అస్తమయం కాదు. సూర్యుడు అస్తమించి, తూర్పు నుంచి రాత్రి వచ్చి, పడమటి నుంచి పగలు వెళ్లిపోతే ఇఫ్తార్ (రోజా విడిచే) వేళ అయినట్టని హదీసు. ఊళ్లో ఉన్నవాళ్లకి తూర్పున సముద్రమే కాబట్టి, బీచ్ రోడ్‌లో నిలబడితే ఆ నలుపు నీళ్ల మీంచి పైకి లేవడం బాగా కనిపిస్తుంది. మీరు గాజువాకలో అజాన్ వినండి, చాలు.

మర్చిపోయా, నెలకి మూడు రోజాలున్నాయి, 13, 14, 15 తేదీల్లో, 'అయ్యాముల్ బీజ్' అంటారు. దీన్ని తెల్లరోజులు అని అనువదిస్తే ఏమీ తెలియదు, తెలుపు రాత్రులది, వెన్నెల వల్ల. పున్నమి రోజాలు అంటే ఎవరికైనా అర్థమవుతుంది. బక్రీద్ నెలలో మాత్రం 13న ఉండకూడదు, అది పండుగ రోజుల్లోకే వస్తుంది.