పోర్షా స్పీడ్‌స్టర్ రెప్లికా అమ్ముదామనుకుంటున్నా, పెయింట్ వేయించాలా వద్దా?

ఎర్రబండి_డాలస్:
అన్నలూ ఒక సలహా కావాలె. నేను డాలస్ దగ్గర ఉంటా, ఐదేళ్ల కింద ఒక పోర్షా 356 స్పీడ్‌స్టర్ రెప్లికా (అసలు బండి కాదు, దాని నకలు) కొన్నా, పైన ఫైబర్ బాడీ, కింద ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ పాన్ (బండి అడుగు రేకు), వెనకాల 1600 ఎయిర్ కూల్డ్ ఇంజన్. 14 వేల డాలర్లకి వచ్చింది, వీకెండ్ వీకెండ్ గరాజ్‌ల కూర్చొని వైరింగ్, సీట్లు, టాప్ అన్నీ చేసుకున్నా, ఇంకో 6 వేలు అయింది. ఇప్పుడు రెండో బాబు పుట్టిండు, రెండు సీట్ల బండితో ఏం చేస్తాం, మా ఆవిడైతే దాన్ని స్నానాల తొట్టి అంటది. డోర్ దగ్గర, హెడ్‌లైట్ చుట్టూ సన్నగా నెర్రెలొచ్చినయ్, పెయింట్ వాడు 7 వేలు అడుగుతుండు. వేయించి పెడితే 40 వేలు వస్తదా? ఇంకో ప్లస్ ఏందంటే టైటిల్ (బండి ఓనర్‌షిప్ కాగితం) మీద 1957 పోర్షా అనే ఉంది, యాడ్‌ల అదే పైన పెడదామని, ముందు తగిలించడానికి బ్యాడ్జి కూడా తెప్పించా.

రెంచి_బాబాయ్:
నువ్వు ప్లస్ అంటున్నదే ఇక్కడ అసలు తలనొప్పి అబ్బాయ్. స్పీడ్‌స్టర్ 1954 నుంచి 58 దాకే తయారైంది, అసలుదైతే లక్షల డాలర్లు పలుకుద్ది, నీ కాగితం ఆ బండిది, నీ బండేమో బీటిల్. రేపు కొన్నోడు వేరే స్టేట్‌లో రిజిస్ట్రేషన్‌కి తీసుకెళ్తే అక్కడ నంబర్ చూస్తారు, పాన్ మీద ఒకటి, టైటిల్ మీద ఒకటి ఉంటే బండి అక్కడే ఆగిపోద్ది, వాడు తిన్నగా నీ ఇంటికే వస్తాడు. ముందు టార్చి పట్టుకెళ్లి సీట్ల వెనకాల కార్పెట్ ఎత్తు, టన్నెల్ (పాన్ నడుమ పొడుగ్గా ఉబ్బి ఉండే భాగం) మీద గేర్ రాడ్ కప్లింగ్‌కి ఒక చిన్న రేకు మూత ఉంటుంది, దాని వెనకే నంబర్ కొట్టి ఉంటుంది. 65 నుంచి 69 దాకా బీటిల్‌కి మూడో అంకె మోడల్ సంవత్సరం, 117 అని మొదలైతే 67 బండి అన్నమాట. పనిలో పనిగా పాన్ కూడా చూడు. స్పీడ్‌స్టర్ బాడీ కూర్చోవడానికి బీటిల్ పాన్ దాదాపు అడుగు కోసి మళ్లీ వెల్డ్ చేస్తారు, ఫైబర్‌కి తుప్పు పట్టదు గానీ ఆ అతుకు దగ్గర పడుతుంది, తెలిసినోడు కొనడానికొస్తే ముందు దూరేది బండి కిందకే.

పెయింట్ సంగతి. నెర్రెల మీద పుట్టీ పెట్టి కొట్టిస్తే కొన్నాళ్లకి మళ్లీ పైకి తేలతాయి. జెల్‌కోట్ (ఫైబర్ మీదుండే గట్టి పైపూత) దాకా గీకేసి, కింద ఫైబర్ కదులుతుందేమో చూసి, ఫైబర్ మ్యాట్ వేసి కట్టాలి. నేనోసారి బనియన్ మీదే నిలబడి గీకేశా, మూడు రోజులు ఒళ్లంతా దురద, ఇంట్లో సోఫా కూడా ఎక్కనివ్వలేదు. ఆ 7 వేలు నీ దగ్గరే ఉంచుకో. పెట్రోల్ హోస్‌లు మాత్రం రేపే మార్చు, పాత రబ్బరు ఇప్పటి పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌కి ఆగదు, ఇంజన్ వెనకాల ఉంది కాబట్టి పొగ అద్దంలో కనపడేసరికే లేటైపోద్ది.

స్నానాల తొట్టి అని మీ ఆవిడ కరెక్ట్‌గానే అంది, 356కి బాత్‌టబ్ అనే ముద్దుపేరు ఎప్పట్నుంచో ఉంది.

కూకట్‌పల్లి_కార్బ్:
కాగితాల గురించి బాబాయ్ చెప్పింది నూరు శాతం. ఇక్కడ మా ఫ్రెండొకడు సెడాన్ మీద ఇటాలియన్ సూపర్ కార్ బాడీ కట్టించిన బండి కొన్నడు, ఆర్‌సీలో సెడాన్, రోడ్డు మీద సూపర్ కార్, ఫుల్ ఫోజు. మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటే కంపెనీ స్పెసిఫికేషన్ మార్చొద్దు, 2019లో సుప్రీం కోర్టు కూడా అదే చెప్పింది. ఇంక ట్రాన్స్‌ఫర్ ఎక్కడ అయితది, ఇప్పుడు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంది, పిల్లలు సెల్ఫీలు దిగుతరు.

జెర్సీ_గేర్‌బాక్స్:
పెయింట్ విషయంలో నేను కొంచెం వేరేగా చెప్తా, కొనేవాళ్లలో సగం మంది ఫొటో చూసే ఫోన్ చేస్తారు కాబట్టి హెడ్‌లైట్ల దగ్గర వరకు చేయిస్తే తప్పులేదు, ఫుల్ పెయింట్ వేస్ట్. నా రెప్లికా పోయినేడు 26 వేలకి పోయింది, 40 ఆశ వదిలేయ్. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసే వీడియో, బండి కింద ఫొటోలు, బిల్లులు, ఈ మూడూ చూసే నా దగ్గర కొన్నాడు. వాల్వ్‌లు కూడా రాత్రంతా చల్లారిన ఇంజన్ మీదే సెట్ చేసుకో, గ్యాప్ 6 తౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఆరు. ఆ బ్యాడ్జి మాత్రం పెట్టకు బ్రో, యాడ్‌లో మొదటి మాటే రెప్లికా అని ఉండాలి.

ఎర్రబండి_డాలస్:
ఇప్పుడే గరాజ్ నుంచి వచ్చిన. కార్పెట్ కింద నల్ల పెయింట్ మందంగా ఉంది, థిన్నర్ గుడ్డతో తుడిస్తే 117 వరకు క్లియర్‌గా కనపడ్డది, మిగతాది కూడా కష్టంగా చదివిన. టైటిల్ మీద ఉన్న నంబర్‌ల ఒక్క అంకె కూడా కలుస్తలేదు. సోమవారం కౌంటీ ట్యాక్స్ ఆఫీస్‌కి పోయి అడుగుతా, అప్పటిదాకా యాడ్ పెట్టను. హోస్ వంచి చూస్తే లోపల నుంచి పగుళ్లు, వేళ్లకి పెట్రోల్ అంటింది. ఇంకొకటి, కార్బురేటర్‌ల హోస్ ఎక్కే ఇత్తడి గొట్టం ఉంది కదా, పట్టుకుంటే వేళ్లతోనే తిరుగుతుంది. అది తిరగొచ్చా?

రెంచి_బాబాయ్:
తిరక్కూడదు. అది ఊడితే పెట్రోల్ మొత్తం వేడి ఇంజన్ మీదే పడుద్ది. స్టార్ట్ చేయకు, బ్యాటరీ వైరు పీకేసి ఫొటో పెట్టు.