ఊరెళ్లొస్తే కుక్క అలుగుతుందా, మనమే అలా అనుకుంటున్నామా?

పర్లాకిమిడి_కోడలు
అందరికీ నమస్కారం. ఈ విషయం మీద మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి, అందుకే ఇక్కడ పెడుతున్నా. అమ్మాయి పురుటికని విశాఖ వెళ్లి చాన్నాళ్లు అక్కడే ఉండిపోయాను. మా భీముణ్ణి పక్కింటి మౌసీ చూసుకుంది. నాటుకుక్కే, వీధిలోంచి వచ్చి మా ఇంట్లో చేరింది. నేను తిరిగొచ్చి గేటు తీస్తే ఎదురొచ్చాడు, తోక కాస్త ఊపాడు, చీర కుచ్చిళ్లు, సంచీ, చెప్పులు అన్నీ వాసన చూశాడు. అంతే. మంచం కిందకు దూరి గోడవైపు మొహం పెట్టుకుని పడుకున్నాడు. పిలిస్తే చెవి ఒక్కటే ఇటు తిరుగుతుంది, తల తిరగదు. పెరుగన్నం కలిపి పెడితే ముట్టలేదు. మా అత్తగారేమో "అలిగాడే, బతిమాలుకో" అంటారు. మా అబ్బాయేమో "కుక్కకి అలకలేంటమ్మా" అని నవ్వుతాడు. మీరేమంటారు?

రాయగడ_క్వార్టర్స్
అత్తగారి మాటే నా మాట. రైల్వే డ్యూటీకి వెళ్లొస్తే మా టామీ ఏమీ అనుకోదు, అది రోజూ ఉండేదే. సూట్‌కేసు పట్టుకుని పెళ్లికో పేరంటానికో వెళ్లొచ్చానా, ఆ పూటంతా నా మొహం చూడదు. మా ఆవిడ పలకరిస్తే గంతులేస్తుంది, నేను పలకరిస్తే ఆవులిస్తుంది. ఇది అలక కాకపోతే ఇంకేంటి?

గుణుపురం_పశువులాసుపత్రి
లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్‌గా చేస్తున్నాను, ఈ మాట తరచూ వింటుంటాను. కుక్క ఏం చేసిందన్నది ఒకటి, ఎందుకు చేసిందన్నది ఇంకొకటి. మొదటిది మీరు కళ్లారా చూశారు. రెండోది మీరు అల్లుకున్నది.

2009లో న్యూయార్క్‌లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే ఆవిడ 14 కుక్కలతో ఒక ప్రయోగం చేసింది. యజమాని తిండి చూపించి, తినొద్దని చెప్పి బయటికెళ్తాడు. తిరిగొచ్చాక అది తినేసిందనో, తినలేదనో అతనికి చెప్తారు. ఆ చెప్పేది కొన్నిసార్లు కావాలనే అబద్ధం. చివరికి తేలింది ఏంటంటే, మనం 'తప్పు చేసిన మొహం' అనేది యజమాని తిట్టినప్పుడే కనిపించింది. కుక్క నిజంగా తిన్నదా లేదా అన్న దానితో సంబంధమే లేదు. పైగా ఏమీ తినకుండా తిట్లు మాత్రం తిన్న కుక్కల్లోనే అది ఎక్కువగా కనిపించింది.

ఇక రాయగడ అన్నయ్య చెప్పిన ఆవులింత. తల పక్కకు తిప్పడం, మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, ఇవన్నీ కుక్క ఇబ్బందిలో ఉన్నప్పుడు చేసే పనులు. "గొడవొద్దు, నెమ్మదించు" అని చెప్పడం లాంటివి. మీరు చాన్నాళ్లకు వచ్చి, గట్టిగా పిలుస్తూ మీదికి వంగి రెండు చేతులతో తల పట్టుకుంటే అది మొహం తిప్పదా?

బరంపురం_బీఎడ్
సార్, మీరు చెప్పిన ప్రయోగం తప్పు చేసిన మొహం గురించి. ఇక్కడ అడిగింది అలక గురించి. అది లేదని తేలితే ఇది కూడా లేనట్టేనా?

బీఎడ్‌లో మేం మేరీ ఎయిన్స్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం గురించి చదువుకున్నాం. ఏడాది వయసు పిల్లల్ని తల్లి కొత్త గదిలో కాసేపు వదిలి వెళ్లి తిరిగొస్తుంది. చాలామంది ఏడ్చి తల్లిని చుట్టుకుంటారు. కొందరు మాత్రం తల్లి వచ్చినా చూడనట్టు బొమ్మలతో ఆడుకుంటారు, ఎత్తుకోబోతే పక్కకు తిరుగుతారు. వీళ్లకేం పట్టలేదనుకుంటాం కదా? తర్వాతి వాళ్లు గుండె వేగం కొలిచి చూస్తే, పైకి మామూలుగా ఉన్న ఆ పిల్లల్లోనూ అది పెరిగే ఉంది. అంటే మొహం తిప్పుకోవడం వెనక ఏదో ఉంది. బుడాపెస్ట్‌లో టోపాల్ అనే పరిశోధకుడి బృందం ఇదే పద్ధతిని 51 కుక్కల మీద చేసి 1998లో అచ్చువేసింది. యజమానితో కుక్క బంధం చంటిపిల్లల బంధానికి దగ్గరగానే కనిపించింది. మరి పిల్లలకు ఉన్నది కుక్కలకు ఎందుకు ఉండకూడదు?

వియన్నాలో ఇంకో ప్రయోగం జరిగింది. రెండు కుక్కల్ని పక్కపక్కన కూర్చోబెట్టి "షేక్ హ్యాండ్" అంటారు. ఒకదానికి తిండి పెట్టి రెండోదానికి పెట్టకపోతే, ఆ రెండోది కాసేపటికి చెయ్యి ఇవ్వడం మానేస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు తిండి పెట్టకపోయినా ఇంకా చాలాసేపు ఇస్తుంది. ఇది అలక్కి అన్నో తమ్ముడో కాదా?

గుణుపురం_పశువులాసుపత్రి
అమ్మా, వియన్నా సంగతిలో ఒక ముక్క వదిలేశారు. ఒకదానికి సాసేజ్, రెండోదానికి బ్రెడ్ పెట్టి కూడా చూశారు. రెండూ మామూలుగానే చెయ్యి ఇచ్చాయి. మన పిల్లలైతే ఊరుకుంటారా? "వాడికెందుకు పెద్ద ముక్క" అని ఇల్లు పీకి పందిరేస్తారు. కుక్క పట్టించుకునేది తనకేమైనా దొరికిందా లేదా అని. మనం అలక అనేదాంట్లో "నువ్వు నాకు ఇలా చేశావు, నీకు తెలిసొచ్చేలా చేస్తాను" అనే లెక్క ఉంటుంది. ఆ లెక్క కుక్కకి ఉందని చూపించేది మాత్రం మీరు చెప్పిన వాటిలో లేదు.

పిల్లల ఉదాహరణ నాకు నచ్చింది. కానీ అది నా వైపుకే వస్తుంది. ఏడాది పిల్ల పక్కకు తిరిగితే అమ్మని శిక్షిస్తోందని అనం కదా.

సూరత్_నుంచి_గంజాం
మాది బరంపురం దగ్గర, పనికి సూరత్ పవర్‌లూమ్స్‌లో. మా గంజాం వాళ్లు వేలల్లో ఇక్కడే ఉంటాం, ఇంటికెళ్లేది పండక్కో, ఠాకురాణీ యాత్రకో. అలక అనేది ఉంటే మా ఇళ్లలో కుక్కలు జన్మలో మా మొహం చూడకూడదు. స్టేషన్ నుంచి ఆటో సందు మలుపు తిరిగేలోపే మా నల్లోడు ఎదురొచ్చేస్తాడు. కాళ్ల మధ్య దూరి, మూలుగుతూ, ఒకోసారి కాస్త ఉచ్చ కూడా పోసేస్తాడు. ఎక్కువ రోజులు వదిలేస్తే ఎక్కువ అలగాలి కదా? లెక్క తలకిందులుగా ఉందేంటి?

బరంపురం_బీఎడ్
తమ్ముడూ, మీ నల్లోడికి రోజూ అన్నం పెట్టేది మీరు కాదు, ఇంట్లోవాళ్లు. వాడి రోజు మీతో ముడిపడి లేదు. మీరొస్తే వాడికి పండగ, మీరెళ్తే వాడి దినచర్య మారదు. భీముడికి అలా కాదు. పెట్టే చెయ్యి, పడుకునే చోటు, నడిచే దారి అన్నీ ఒకేసారి మారిపోయాయి. కోల్పోయిందెంత అన్నది చూడాలి గానీ క్యాలెండర్ చూస్తే ఎలా?

గుణుపురం_పశువులాసుపత్రి
ఈ ఒక్క విషయంలో అమ్మతో ఏకీభవిస్తాను. క్యాలెండర్ మీద నాకూ నమ్మకం లేదు. స్వీడన్‌లో 2011లో 12 కుక్కల్ని ఇంట్లో అరగంట, 2 గంటలు, 4 గంటలు వదిలి చూశారు. అరగంట కంటే 2 గంటల తర్వాత ఎక్కువ హడావుడిగా స్వాగతం చెప్పాయి. 4 గంటలైతే మాత్రం 2 గంటలకు మించి ఏమీ పెరగలేదు. జపాన్‌లో 2022లో కంటి కింద చిన్న కాగితం పట్టీ పెట్టి కన్నీరు కొలిచారు. 5 నుంచి 7 గంటల తర్వాత యజమాని తిరిగొస్తే కుక్క కంట్లో తడి పెరిగింది. అంతే బాగా తెలిసిన ఇంకో మనిషి వస్తే పెరగలేదు. మనం లేకపోతే కుక్కకి తెలుస్తుంది, మనమొస్తే లోపల ఏదో కదులుతుంది. ఇక్కడిదాకా నాకే అభ్యంతరమూ లేదు. కోపం అన్న దగ్గరే నేను ఆగుతాను.

జయపురం_కొండగాలి
వాదన బావుంది గానీ, అన్నం ముట్టలేదన్న మాట అందరూ దాటేశారు. మా కింద వాటావాళ్లు కోరాపుట్‌లో బంధువుల దగ్గర కుక్కని వదిలి ఊరెళ్లారు. వచ్చాక అది మూల కూర్చుని తినకపోతే అలిగిందని రోజుల తరబడి బతిమాలారు. అసలు సంగతి పిడుదుల జ్వరం. చెవుల మడతల్లో, వేళ్ల సందుల్లో శనగగింజల్లా ఉన్నాయి. పై పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. వేరే ఇంట్లో, వేరే పశువుల మధ్య ఉండొచ్చిన కుక్క ముడుచుకుంటే ముందు ఒళ్లు తడిమి చూడండి.

గుణుపురం_పశువులాసుపత్రి
వెయ్యి శాతం కరెక్ట్. కుక్క ఒళ్లు మామూలుగానే మన కంటే వెచ్చగా ఉంటుంది, 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా. చేత్తో తడిమి "వేడిగా ఉంది, జ్వరం" అనేయకండి, థర్మామీటరు మలద్వారంలో పెట్టి చూడాలి. 103 దాటినా, రోజు గడిచినా తిండి ముట్టకపోయినా, చిగుళ్లు పాలిపోయినా ఆసుపత్రికి తీసుకురండి. పారాసిటమాల్, బ్రూఫెన్ లాంటి మన మాత్రలు వెయ్యకండి, ప్రాణం మీదికి వస్తుంది.

ఒంట్లో బాగుంటే చెయ్యాల్సింది పెద్దగా లేదు. వెంటపడొద్దు, మంచం కిందనుంచి లాగొద్దు. దగ్గర్లో కింద కూర్చుని మీ పని మీరు చేసుకోండి. రోజూ తిప్పే వేళకే గొలుసు తీయండి.

రాయగడ_క్వార్టర్స్
బతిమాలొద్దంటారా సార్? నేనైతే మారీ బిస్కట్ ప్యాకెట్ విప్పుతాను, పని అయిపోతుంది. అలిగినవాళ్లకి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా.

బరంపురం_బీఎడ్
ఆ బిస్కట్ వల్లే మీ టామీ అలా నేర్చుకుందేమో అన్నయ్యా. మొహం తిప్పుకుంటే ప్యాకెట్ విప్పుతారని దానికి తెలిసిపోయింది. దాన్ని మాత్రం నేను అలక అనను, వ్యాపారం అంటాను. భీముడి సంగతి వేరు, పెట్టింది కూడా తినలేదు కదా.

పర్లాకిమిడి_కోడలు
అందరికీ థాంక్స్. జయపురం వారు చెప్పాక చెవులు, వేళ్లు, చిగుళ్లు అన్నీ చూశాను, ఒంట్లో బాగానే ఉన్నాడు. మర్నాటికి మంచం కిందనుంచి వచ్చి నా కాళ్ల దగ్గర పడుకున్నాడు. అన్నం మాత్రం ఇంకా సగమే తింటున్నాడు. సాయంత్రం మౌసీని కూర్చోబెట్టి అడిగాను. మొదట్లో గేటు దగ్గరే పడుండేవాడట, ఏం పెట్టినా మూతి పెట్టలేదట. పాపం ఏం చెయ్యాలో తోచక, పఖాళలో, అంటే నీళ్లు పోసిన చద్దన్నంలో, శుఖువా (ఎండుచేప) కాల్చి నలిపి పెట్టిందట. ఇక అక్కణ్ణుంచి పూటపూటకీ అదేనట. మా ఇంట్లో ఎండుచేప వాసనే పడదు, మా అత్తగారు పొయ్యి ఎక్కనివ్వరు. ఇప్పుడు భోజనాల వేళకి వీడు పిట్టగోడ దూకి మౌసీ వాకిట్లో కూర్చుంటున్నాడు.

రాయగడ_క్వార్టర్స్
అలకా కాదు, బెంగా కాదు. పెరుగన్నం!

బరంపురం_బీఎడ్
అన్నం ముట్టకపోవడానికి అది సరిపోతుంది. కానీ మొదట్లో గేటు దగ్గర పస్తు పడుకున్నది ఏ ఎండుచేప కోసం? దానికి మీలో ఎవరూ జవాబు చెప్పలేదు.

గుణుపురం_పశువులాసుపత్రి
అది బెంగే అమ్మా, నేనెప్పుడు కాదన్నాను? మీరు కోపం అంటే కాదంటున్నాను. పర్లాకిమిడి అమ్మగారూ, మళ్లీ మనవణ్ణి చూడ్డానికి ఎటూ విశాఖ వెళ్తారు. ఈసారి ఓ పాత ఫోను గేటు వైపు పెట్టి వీడియో ఆన్ చెయ్యమని మీ అబ్బాయికి చెప్పండి. మనం తిరిగొచ్చాక చేసేది ఒక్కటే చూసి వాదించుకుంటున్నాం, మనం లేనప్పుడు చేసేది కూడా చూద్దాం. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, మౌసీకి నచ్చజెప్పి తగ్గించండి.

పర్లాకిమిడి_కోడలు
మనవడు కాదు సార్, మనవరాలు. ఫోను పెట్టిస్తాను. మౌసీకి మాత్రం మీరే చెప్పాలి, నా మాట వినదు.