ఇండెంటేషన్: ఫైలంతా ఒకేసారి సర్దొచ్చా, ముట్టుకున్న లైన్లే సర్దాలా?

సెమీకోలన్:
విమ్ ఎడిటర్‌లో ఒక సీ ప్రోగ్రాం ఫైలు తెరిచాను. దిద్దాల్సింది మూడు లైన్లే. ఇండెంటేషన్ (లైన్ల ముందు వదిలే ఖాళీ) చూసి చిరాకేసి జీజీ=జీ కొట్టేశా. (చిన్న జీ రెండుసార్లు కొడితే ఫైలు మొదటికి, సమానం గుర్తు సర్దమని, పెద్ద జీ చివరిదాకా.) కమిట్‌లో (గిట్‌లో దాచే మార్పుల కట్టలో) 800 లైన్లు మారినట్టు వచ్చింది. రివ్యూలో తిప్పి పంపారు. తప్పు నాదేనా?

పాతకాపు:
మీదేనండీ. మూడు లైన్ల కోసం 800 ఎవరు చదువుతారు? రేపు గిట్ బ్లేమ్ (ఏ లైను ఎవరు మార్చారో చూపేది) కొడితే ఫైలంతా మీ పేరే. దిద్దిన లైను మీద == (ఆ ఒక్క లైనే సర్దేది) చాలు.

ఖాళీగీత:
అలా అనుకుంటూ పోతే ఆ ఫైలు ఎప్పటికీ బాగుపడదు. రెండు కమిట్లు చేయండి: ముందు ఇండెంటేషన్ ఒక్కటే, తర్వాత బగ్. చదివేవాళ్లు డిఫ్‌కి (పాతకీ కొత్తకీ తేడా చూపేదానికి) -డబ్ల్యూ పెడితే ఖాళీల తేడాలు కనబడవు. బ్లేమ్ సంగతంటారా, 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి ఫలానా కమిట్లను వదిలేయమని జాబితా ఇవ్వొచ్చు.

ట్యాబు_పక్షం:
అది సరే, సెమీకోలన్ గారూ, మీ షిఫ్ట్‌విడ్త్ (ఒక్కో మెట్టుకు ఎంత జరపాలనే సెట్టింగ్) ఎంత?

సెమీకోలన్:
4. ఎక్స్‌పాండ్‌ట్యాబ్ (ట్యాబు బదులు స్పేసులు పెట్టేది) కూడా ఆన్‌లో ఉంది. ఫైల్లో ఉన్నవి ట్యాబులు... ఓహో.

ట్యాబు_పక్షం:
అదీ సంగతి. సమానం గుర్తుకి ఆ ఫైలు అలవాటుతో పని లేదు, మీ సెట్టింగే దానికి వేదం. లైనక్స్ కెర్నల్‌లాంటి చోట 8 వెడల్పు ట్యాబే రూలు. మీ 4 స్పేసులతో అక్కడ == కొట్టినా ఆ ఒక్క లైనూ వంకరే. ఇదే సెట్టింగుతో మేక్‌ఫైల్లో (బిల్డ్ ఎలా చేయాలో రాసే ఫైల్లో) :రీట్యాబ్ (ట్యాబుల్ని సెట్టింగ్ ప్రకారం మార్చేది) కొట్టి చూడండి, కమాండ్ల ముందు ట్యాబు పోయి బిల్డే ఆగిపోతుంది. (నేను చూశాను లెండి, ఒక పూట పోయింది.)

పాతకాపు:
సీలో మీసాల బ్రాకెట్లు ఉన్నాయి కాబట్టి ఎడిటర్‌కి దారి తెలుస్తుంది. పైథాన్‌కి ఇండెంటేషనే ఆధారం. పైథాన్ కోడ్ పేస్ట్ చేసినప్పుడు ఖాళీలన్నీ పోయాయనుకోండి: ఇఫ్ కింద సేవ్, దాని కింద లాగ్, మూడూ ఎడమ అంచుకే. లాగ్ ఇఫ్ లోపలిదా, బయటిదా? ఏ కమాండూ చెప్పలేదు. అందుకే ఫైలంతా సర్దడమంటే నాకు భయం.

ఖాళీగీత:
పైథాన్ వరకు ఒప్పుకుంటా. సీకి మాత్రం నా మాట నాదే.

సెమీకోలన్:
యూ (అన్‌డూ) కొట్టి వెనక్కి తెచ్చి, సెట్టింగ్ మార్చి, మూడు లైన్లూ సర్ది పంపాను. తీసుకున్నారు. మిగతా 797 ఇప్పటికీ కళ్లలో పొడుస్తూనే ఉన్నాయి.