గాలివానల వెంట కారు ప్రయాణం: పరకాల, ములుగు వైపు వెళ్లినవాళ్లు చెప్పండి

మొగులు_పిచ్చి (హన్మకొండ)
అమెరికాలో టోర్నడోల వెంట కార్లలో తిరిగేవాళ్ల వీడియోలు చూస్తుంటాను. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర కూడా పొద్దంతా ఎండ మండి సాయంత్రానికి గాలివాన కమ్ముకొస్తుంది కదా. ఫ్రెండ్స్‌తో ములుగు వైపు అలాంటి ట్రిప్ వేద్దామనుకుంటున్నాం. ఎక్కడ నిలబడితే మబ్బు మొత్తం కనిపిస్తుంది? సుడిగాలి కనబడే అవకాశం ఉందా?

పరకాల_రైతుబిడ్డ
తమ్మీ, మబ్బు చూడాలంటే ములుగు దాటొద్దు. అక్కడి నుంచి అడవే, రోడ్డు మీద ఆకాశం సన్నగా కనిపిస్తుంది. పరకాల, రేగొండ మధ్య ఎండాకాలం పత్తి చేన్లు ఖాళీగా ఉంటాయి, చూపు చాలా దూరం పోతుంది. ఒక్క మాట. మొగులైందంటే మేం కల్లంలో మిర్చి మీద టార్పాలిన్లు కప్పడానికి ఉరుకుతుంటాం. కల్లం బాటకు కారు అడ్డం పెట్టకండి. ఇంకో కొస పట్టుకునే మనిషి దొరికితే మాకు అదే పెద్ద సాయం.

నార్మన్‌లో_ఓరుగల్లు
మాది హసన్‌పర్తి, ఇప్పుడు అమెరికాలో, టోర్నడోలు ఎక్కువగా వచ్చే ఓక్లహోమాలో ఉంటున్నాను. ఇక్కడి టోర్నడోలు ఎండ వేడితోనే పుట్టవు. కింద మెక్సికో గల్ఫ్ సముద్రం నుంచి తేమ గాలి, పైన పడమటి ఎడారుల నుంచి పొడి గాలి వస్తాయి. ఎత్తుకు పోయేకొద్దీ గాలి దిక్కు, వేగం మారిపోతాయి. దాంతో మబ్బే మొత్తంగా తిరగడం మొదలుపెడుతుంది. మన దగ్గర ఎండాకాలంలో వేడి, తేమ ఉన్నా ఆ గాలుల తేడా సాధారణంగా తక్కువ. అందుకే మన మబ్బు నిలువుగా లేచి, తన వాన బరువుతో తన మీదే కూలుతుంది. మీకు ఎదురయ్యేది ఎక్కువగా ఆ కూలిన గాలే, సుడి కాదు.

ఇక్కడ అనుభవం ఉన్నవాళ్లు ముందు చూసుకునేది వెనక్కి పోయే దారి. 2013 మే 31న ఇక్కడి ఎల్ రీనో ఊరి దగ్గర టోర్నడో 4.2 కిలోమీటర్ల వెడల్పుకు పెరిగి, వాన తెర చాటున ఉన్నట్టుండి దిక్కు మార్చింది. ఏళ్ల తరబడి టోర్నడోల మీద పరిశోధన చేసిన టిమ్ సమరాస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ అందులోనే చనిపోయారు. అంత తెలిసినవాళ్లకే తప్పించుకునే సమయం దొరకలేదు. ఆ సంగతి తలచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.

తాడ్వాయి_సార్
సుడి లేకపోయినా ఆ గాలిని తక్కువ అనుకోవద్దు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో సుమారు 50 వేల చెట్లు కూలాయి. ఊళ్ల మీదికి రాలేదు, తల్లుల దయ అని అందరూ దండం పెట్టుకున్నారు. అది టోర్నడోనా అని చాలా చర్చ జరిగింది. పైనుంచి కూలిన గాలి అయితే చెట్లు బయటి వైపుకు, వరుసగా ఒకే దిక్కుకు పడతాయి. సుడి అయితే లోపలికి తిరిగి అడ్డదిడ్డంగా పడతాయి. పెద్ద గాలి వచ్చి వెళ్లాక చెట్లు పడిన తీరు గమనించండి, ఫొటో కన్నా అది విలువైనది.

రాడార్_రాజన్న
హైదరాబాద్ రాడార్ బొమ్మ చూసి బయలుదేరండి. అయితే భూమి వంపు వల్ల వరంగల్ దగ్గరికి వచ్చేసరికి ఆ రాడార్ పంపే కిరణం నేలకు రెండు కిలోమీటర్లకు పైనుంచి పోతుంది. నేల దగ్గర గాలి ఏం చేస్తోందో అందులో కనిపించదు. కాబట్టి వాతావరణ శాఖ జిల్లాలవారీగా ఇచ్చే మూడు గంటల హెచ్చరిక కూడా చూడండి. పిడుగులకు దామిని యాప్ ఉంది. 20, 40 కిలోమీటర్ల లోపు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది.

మొగులు_పిచ్చి
థ్యాంక్స్ అన్నా, సార్, అక్కా. చేనులో ట్రైపాడ్ పెట్టి ఎంతసేపు ఉండొచ్చు?

రాడార్_రాజన్న
ఉరుము వినబడేదాకే. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లంటే కిలోమీటరు దూరం. వినబడిందంటే పిడుగు నీ దాకా రాగలదు. ట్రైపాడ్ వదిలేసి కారెక్కి అద్దాలు ఎత్తు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగొద్దు. చెట్టు కింద మాత్రం కారు ఆపకు.

పరకాల_రైతుబిడ్డ
ఇదంతా ఎండాకాలానికే. వానాకాలంలో ఈ సరదా వద్దు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగితే జనం ఇళ్ల మీదికెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఏప్రిల్‌లో రా తమ్మీ, మా చేను దగ్గర కారు పెట్టుకునే జాగా చూపిస్తా.