ప్రైమర్‌ని తెలుగులో ఏమందాం? తూటా, గుండు, రంజకం

ఒక క్రైమ్ నవల అనువాదం చేస్తున్నాను. కాల్పులు అయ్యాక పోలీసులు నేల మీద పడ్డవి ఏరి, వాటి ప్రైమర్ల మీద నొక్కు చూసి, పేల్చింది ఏ తుపాకో తేల్చే ఘట్టం ఉంది. ప్రైమర్ అని అలాగే ఉంచితే గోడకి రంగు వేసేముందు పూసేది గుర్తొస్తోంది. ‘తూటా అడుగుభాగం’ అని నెట్టుకొచ్చేయనా? తెలిసినవాళ్లు చెప్పండి.

—

నెట్టుకురావద్దండీ, ఘట్టమంతా దాని మీదే నడుస్తోంది కదా.

అసలు చిక్కు తూటా దగ్గరే మొదలైంది. మన పేపర్లు ‘ఛాతీలోకి తూటా దూసుకెళ్లింది’ అంటాయి, మళ్లీ ‘ఘటనా స్థలంలో ఖాళీ తూటాలు దొరికాయి’ అనీ అంటాయి. దూసుకెళ్లింది గుండు. దొరికినవి డొప్పలు. తూటా అంటే పేల్చకముందు అన్నీ కలిసి ఉన్న సరుకు: ఇత్తడి డొప్ప, దాన్లో తుపాకి మందు, మూతికి బిగించిన గుండు, వెనకవైపు నడిమధ్యలో చొక్కా బొత్తాం లాంటి చిన్న గిన్నె, అదే ప్రైమర్. 9 మి.మీ. పిస్టల్ తూటాకైతే అది అడ్డంగా నాలుగున్నర మిల్లీమీటర్లు కూడా ఉండదు.

డొప్పలో మందు అంటుకోవాలంటే నిప్పు కావాలి. ట్రిగ్గర్ నొక్కగానే ఫైరింగ్ పిన్ వచ్చి ప్రైమర్ గిన్నె వీపు మీద కొడుతుంది, గిన్నె లోపలికి నొక్కుకుపోతుంది, అందులో ఉన్న సున్నితమైన రసాయనం గిన్నెకీ దాగలికీ మధ్య నలిగి భగ్గుమంటుంది, ఆ మంట డొప్ప అడుగునున్న రంధ్రంలోంచి మందుని చేరుతుంది. దాగలి అంటే కమ్మరి ఇనుము పెట్టి సుత్తితో కొట్టే దిమ్మె; స్కూల్లో చెవి ఎముకల పాఠంలో కూటకం, దాగలి, అంకవన్నె అని బట్టీ పట్టామే, ఆ దాగలే. ఇంత చక్కటి మాట మనకి ఉండగా ఇంకోటి వెతకక్కర్లేదు.

ప్రైమర్ రకాల్లో తేడా ఈ దాగలి ఎక్కడుందన్నదే. బాక్సర్ రకంలో దాగలి ప్రైమర్‌లోనే ఉంటుంది, డొప్పకి మధ్యలో ఒకే రంధ్రం. బెర్డాన్ రకంలో దాగలి డొప్పలోనే ఉబ్బెత్తుగా మలిచి ఉంటుంది, దాని పక్కన మామూలుగా రెండు సన్నని రంధ్రాలు. రెండింటికీ 1866లోనే పేటెంట్లు వచ్చాయి. బాక్సర్ బ్రిటిష్ సైనికాధికారి, బెర్డాన్ అమెరికన్. చిత్రంగా బ్రిటిష్‌వాడిది అమెరికాలో స్థిరపడింది, అమెరికావాడిది యూరప్‌కి పోయింది! అమెరికాలో జనం ఖాళీ డొప్పల్ని మళ్లీ నింపుకుంటారు. మధ్యలో ఒకే రంధ్రం ఉంటే సన్నని కడ్డీతో పాత ప్రైమర్ని లోపల్నుంచి నెట్టేయొచ్చు, అందుకని వాళ్లకి బాక్సరే అనువు.

ఇక మాట సంగతి. రంజకం అనండి. హిందీ, మరాఠీల్లో రంజక్ అంటే పాతకాలపు తుపాకి గొట్టం పక్కనుండే చిన్న పళ్లెంలో పెట్టే చిటికెడు మందు. చెకుముకి రాయి రవ్వ దాని మీద పడితే ఆ మంట గొట్టంలోకి పాకుతుంది. ఒక్కోసారి పళ్లెంలోది భగ్గున మండిపోయి గొట్టంలోది తుస్సుమనేది, దానికి హిందీలో ‘రంజక్ చాట్ జానా’ అని నుడికారమే ఉంది. సంస్కృతంలో రంజకం అంటే రంగు వేసేది కూడా, కాబట్టి మీ గోడ ప్రైమర్ బెడద ఇక్కడా పూర్తిగా వదల్లేదు, అది వేరే సంగతి.

—

పళ్లెంలో మందూ, ఇప్పటి ప్రైమరూ ఒకటెలా అవుతాయండీ? పైగా రంజకం అంటే జనరంజకం అనుకుంటారు.

—

వస్తువు మారింది, పని మారలేదు. అలెగ్జాండర్ ఫోర్సైత్ అని స్కాట్లండ్‌లో ఒక చర్చి పాస్టరు, వేటంటే ఇష్టం. పళ్లెంలో మెరుపు చూసి, గుండు వెళ్లేలోపే పిట్టలు ఎగిరిపోతున్నాయని విసిగి, దెబ్బకి పేలే రసాయనం వాడి 1807లో పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత అది చిన్న రాగి టోపీలోకి చేరింది. 1857 పాఠంలో సిపాయిలు నోటితో కొరకాల్సి వచ్చిన ఎన్‌ఫీల్డ్ తూటా ఉంది చూశారూ, అది మందూ గుండూ పెట్టి చుట్టిన కాగితం పొట్లం. కొవ్వు గొడవంతా ఆ కాగితం గురించే; టోపీ అందులో ఉండేది కాదు, విడిగా తీసి తుపాకికి తొడగాలి. అందుకే హిందీలో ఆ రకాన్ని టోపీదార్ బందూక్ అంటారు. తూటా ఇత్తడి డొప్పగా మారాక ఆ టోపీయే వచ్చి వెనక కూర్చుంది. టోపీ అన్నా నాకు అభ్యంతరం లేదు కానీ తెలుగులో టోపీ పెట్టడం అంటే ఏమిటో మీకు తెలుసుగా!

ఇంకోటి కూడా సరిచూసుకోండి. నవల్లో అనుమానితుడి చేతులు తుడిచి పరీక్షకి పంపుతారేమో. మనవాళ్లు దాన్ని ‘తుపాకి మందు ఆనవాళ్లు’ అని రాసేస్తారు. ల్యాబ్‌లో ముఖ్యంగా వెతికేది సీసం, బేరియం, యాంటిమొనీ కలిసిన సూక్ష్మ కణాలు, అవి వచ్చేది ఎక్కువగా ప్రైమర్ నుంచే. రంజకం అన్న మాట ఒకటి చేతిలో ఉంటే ఇలాంటి చోట పనికొస్తుంది. సీసం లేని ప్రైమర్లు కూడా ఇప్పుడు ఉన్నాయి, వాటి లెక్క వేరు.

—

సరే, రంజకమే పెడతాను, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో విడమరుస్తాను. ఒక అధ్యాయంలో పాయింట్ టూటూ (.22) రైఫిల్ ఉంది, దానికీ ఇదేనా?

—

కాదండీ, అక్కడ జాగ్రత్త. దానికి విడిగా ప్రైమర్ ఉండదు. ఆ రసాయనాన్ని డొప్ప అడుగున మడిచిన అంచు లోపలే నింపుతారు, పిన్ మధ్యలో కాకుండా అంచు మీద కొడుతుంది. ఒకసారి పేలితే అంచు నొక్కుకుపోతుంది, మళ్లీ నింపే వీలుండదు. ఆ అధ్యాయంలో ‘డొప్ప అంచు మీద నొక్కు’ అని రాయండి, చాలు.