వాడిన చెట్టుకు నీరు పెట్టాలా, ఆపాలా? వేరుకుళ్ళుపై చర్చ

నిమ్మతోట రైతు:
వానలు వెలిసిన పది రోజులకు మా ఆరేళ్ళ నిమ్మతోటలో నాలుగు చెట్ల ఆకుల్లో ఈనెలు పసుపు రంగుకు తిరిగాయి. మధ్యాహ్నానికి రెమ్మలు వాలిపోయి, తెల్లవారేసరికి కొంత తేరుకుంటూ వచ్చాయి. నీరు చాలడం లేదనుకొని రోజు విడిచి రోజు పాదుల నిండా పెట్టించాను. వారం తిరగకముందే ఆకు రాలి, చిటారు కొమ్మలు ఎండసాగాయి. ఏ మందు పోయాలో అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

బత్తాయి సాగుదారు:
మందు సంగతి తరువాత చూద్దాం, ముందు ఆ నీరు ఆపండి. వేరు కుళ్ళిన చెట్టూ, దాహంతో ఉన్న చెట్టూ పైకి ఒకేలా కనిపిస్తాయి. ఒకదానికి నేలలో నీరు లేదు, మరొకదానికి నీరున్నా పీల్చుకునే వేరు లేదు. కొమ్మల అంచు నీడ పడే చోట జానెడు లోతున మట్టి మెల్లగా తీసి, ఒక పీచు వేరును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి లాగి చూడండి. ఆరోగ్యమైన వేరుకు పైపొర గట్టిగా అంటి ఉంటుంది. కుళ్ళిన వేరుకైతే ఆ పొర మెత్తబడి తొడుగులా జారి చేతికి వచ్చేస్తుంది, లోపల దారంలాంటి సన్నని నార ఒక్కటే మిగులుతుంది. ఆ దారాన్ని మొదటిసారి చూసిన రోజునే, అప్పటిదాకా ఆకుల మీద నేను చల్లిన సూక్ష్మపోషకాలన్నీ వృథా అయ్యాయని నాకు అర్థమైంది. మొదలు దగ్గర బెరడు మీద జిగురు కారుతున్నదేమో, అంటు కట్టిన చోటు మట్టిలో పూడిపోయిందేమో కూడా చూడండి.

శనగ రైతు:
పై సలహా నిమ్మజాతి చెట్లకు సరైనదే గాని, వేరుకుళ్ళు అనగానే నీరు ఆపమని అందరికీ చెప్పడం ప్రమాదం. శనగలో వచ్చే ఎండు వేరుకుళ్ళు ఇందుకు పూర్తిగా విరుద్ధం. పూత, కాయ దశల్లో నేలలో తేమ తగ్గి, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటిన రోజుల్లో అది విజృంభిస్తుంది. చేనంతా పచ్చగా ఉండగా అక్కడక్కడ ఒక్కో మొక్క గడ్డి రంగుకు తిరిగి నిలువునా ఎండిపోతుంది. పీకితే పిల్లవేర్లు కనిపించవు, తల్లివేరు పుల్లలా పుటుక్కున విరిగి, కొన నేలలోనే ఉండిపోతుంది. బెరడు చీల్చి భూతద్దంతో చూస్తే నల్లని నలుసులు కనిపిస్తాయి. అవి నేలలో ఏళ్ళ తరబడి బతికి, మళ్ళీ వేసిన పంటకు సోకుతాయి. ఆ దశలో ఒక తేలికపాటి తడి ఇవ్వగలిగితే ఉధృతి తగ్గుతుంది. పంట మార్పిడి పేరుతో నేను రెండేళ్ళు జొన్న వేశాను. ఈ తెగులు కలిగించే శిలీంధ్రం జొన్న మీద కూడా బతుకుతుందని తరువాత తెలిసినప్పుడు చాలా బాధ కలిగింది.

తెగుళ్ళ విద్యార్థి:
ఇద్దరి మాటా నిజమే, ఎందుకంటే వేరుకుళ్ళు అన్నది ఒక్క తెగులు పేరు కాదు. నిమ్మజాతిలో ప్రధానంగా కనిపించేది ఫైటోఫ్తోరా. 1876లో జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ పెట్టిన ఆ పేరుకు మొక్కలను నాశనం చేసేది అని అర్థం. చూడటానికి శిలీంధ్రంలా ఉన్నా అది నిజమైన శిలీంధ్రం కాదు. దాని సిద్ధబీజాలకు తోకలుంటాయి, అవి మట్టిలో నిలిచిన నీటిలో ఈదుకుంటూ వేరు కొనను చేరుకుంటాయి. అంటే పాదులో నిలిపిన నీటితో మనమే వాటికి బాట వేస్తున్నాం. శనగలోనిది అసలైన శిలీంధ్రం. అందువల్ల శిలీంధ్రాలకు వాడే కార్బెండజిమ్ మందు ఫైటోఫ్తోరా మీద పనిచేయదు, ఫైటోఫ్తోరాకు వాడే మెటలాక్సిల్ మందు ఎండు వేరుకుళ్ళు మీద పనిచేయదు. పేరు ఒకటే గదా అని ఒకరు వాడిన మందు మరొకరు పోస్తే, ఖర్చు పోవడమే గాక చెట్టును దక్కించుకోగల రోజులు కూడా చేజారిపోతాయి.

మిరప నారు పెంచేవారు:
ట్రైకోడెర్మా విరిడిని కాపర్ మందుతో కలిపి పోయవచ్చునా?

బత్తాయి సాగుదారు:
కలపకూడదు. ట్రైకోడెర్మా బతికి ఉన్న శిలీంధ్రం కాబట్టి కాపర్ మందు దానికి కూడా హాని చేస్తుంది. కనీసం రెండు వారాల ఎడం ఇవ్వండి. బాగా చివికిన పశువుల ఎరువు, వేపపిండిలో కలిపి, తడి చల్లి, నీడలో కొన్నాళ్ళు మాగనిచ్చి వేస్తే బాగా వృద్ధి చెందుతుంది. అయితే అది తెగులు రాకుండా కాచేదే గాని, కుళ్ళిన వేరును తిరిగి తెచ్చేది కాదు.

నిమ్మతోట రైతు:
మీరందరూ చెప్పినట్లే తవ్వి చూశాను. నాలుగింటికీ పైపొర జారి దారం మిగిలింది. ఏటా మొదళ్ళకు మట్టి ఎగదోయించింది నేనే, అంటు కట్టిన చోటు బెత్తెడు లోతున పూడిపోయి ఉంది. ఆ మట్టి తీయించి, నీరు మొదలును తాకకుండా జంట పాదులు చేయించి, మురుగు పోయేలా కాలువ తీయించాను. కుళ్ళిన బెరడును గోకి, కిలో మైలుతుత్తం, కిలో సున్నం పది లీటర్ల నీటికి కలిపిన బోర్డో పేస్టు పూశాం. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందును పాదుల్లో పోశాం. ఒక చెట్టుకు మొదలు చుట్టూ బెరడంతా కుళ్ళిపోవడంతో వేళ్ళతో సహా తీసేయక తప్పలేదు. రెండింటి సంగతి ఇంకా తేలలేదు. నాలుగో దాని పాదు అంచున నిన్న మట్టి కదిపి చూస్తే, అగ్గిపుల్లంత పొడవున రెండు తెల్లని కొత్త వేర్లు కనిపించాయి, మళ్ళీ మట్టి కప్పేశాను.